ఖాళీ ఊరిలో బయ్యప్ప

బయ్యప్ప వస్తున్నాడంటే ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని ఇంట్లోకి పిలుచుకునేవారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. తాగడు, అబద్ధం ఆడడు. ఖాకీ నిక్కరు, పాదాల నుంచి మోకాళ్ళ దాకా బిగించి చుట్టుకున్న గుడ్డపట్టీలు, ఒక భుజాన సంచి, ఇంకో భుజాన కావడిబద్దకు వేలాడే ఇనపతీగల ఎలుకబోనులు. ఆయన అడుగుపెట్టిన ఊరికి ప్లేగు వస్తుందని జనం నమ్మకం. ప్లేగు వచ్చిందేమో చూడ్డానికే ఆయన వచ్చేవాడు. ఈ రెండింటికీ ఉన్న తేడాను పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరికీ నచ్చజెప్పలేకపోయాడు. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఆయన్ని ఎలుకల బయ్యప్ప అనే పిలిచారు.

నేను 1966లో బాగేపల్లి మిడ్లు స్కూలుకు సైన్సు చెప్పడానికి వచ్చాను. పుట్టి పెరిగింది చిక్కబళ్ళాపురం. బాగేపల్లిలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక పెంకుటింటి వసారాకు అటూ ఇటూ రెండు గదులుంటే ఒకటి నాకు అద్దెకు దొరికింది. రెండోది బయ్యప్పది. ఇంటావిడ ముందే చెప్పింది, "ఆయప్ప మంచోడే టీచరమ్మా. సామాన్లు మాత్రం ముట్టుకోవద్దు."

మొదటి మూడు నెలలు మేం మాట్లాడుకున్నది కొళాయి నీళ్ళ గురించే. ఆ తర్వాత నాకు జ్వరం వచ్చి రెండు రోజులు బడికి పోలేదు. మూడో రోజు పొద్దున ఆయన వాకిట్లో నిలబడి, తల పక్కకు తిప్పుకుని అడిగాడు.

"గజ్జల్లోగానీ సంకల్లోగానీ బిళ్ళ కట్టిందా టీచరమ్మా?"

నాకు కోపం వచ్చింది. పరాయి మగవాడు అడిగే మాటేనా అది? "లేదు" అన్నాను కటువుగా.

"అట్లయితే మామూలు జొరమే," అని వెళ్ళిపోయాడు. కాసేపటికి గడప బయట గిన్నెడు రాగి అంబలి, దాని మీద మూత. ఆ తర్వాత రెండేళ్ళు, సాయంత్రాలు వసారాలో చెరో చివర కూర్చుని ఉన్నప్పుడు, కొంచెం కొంచెంగా ఆయన చెప్పిందే ఇదంతా.

బయ్యప్పది చాకవేలు దగ్గర ఒక పల్లె. అన్న మునినారాయణతో కలిసి వానమీద ఆధారపడ్డ చేలో రాగి, చెనిక్కాయలు పండించేవాడు. భార్య పేరు చౌడమ్మ. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లలు లేరు. ఆ విషయం వాళ్ళిద్దరి మధ్య ఎన్నడూ మాటగా రాలేదట. చౌడమ్మకు శుభ్రం ఎక్కువ. పొద్దున ఒకసారి ఊడ్చిన వాకిలినే మళ్ళీ మధ్యాహ్నం ఊడ్చేది.

1952లో రాగికోతలు అయిపోయే సమయానికి ఊళ్ళో ఎలుకలు రాలడం మొదలైంది. పట్టపగలు దూలాల మీద నుంచి దిగివచ్చి, తాగినవాళ్ళలా తూలుతూ నడివాకిట్లో పడిపోయేవి. అదేమిటో పెద్దవాళ్ళకు తెలుసు. రెండు రోజుల్లో ఊరంతా పొలాలకు తరలిపోయింది. రాగిగడ్డితో, కందికట్టెతో గుడిసెలు వేసుకున్నారు. కోళ్ళు, మేకలు, కుండలు అన్నీ పొలంలోకే వచ్చాయి. బయ్యప్ప ఇంట్లో మాత్రం ఒక మూట మిగిలిపోయింది, విత్తనానికి దాచిన చెనిక్కాయలు.

ఐదో రోజు పొద్దున ఆయన గుడిసె మీద గడ్డి సర్దుతూ భార్యతో అన్నాడు, "ఇంట్లో ఎలుకలన్నీ చచ్చిపాయె. ఇంగేమి భయం? నువ్వు పోయి ఆ మూట ఎత్తుకోని రా. నాకు ఈ పని ఉండాది."

చౌడమ్మ వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. "ఏమింతసేపు?" అని అడిగితే, "ఇల్లు అట్ల పడుండాది, సూడలేక ఊడ్చి వచ్చినాను," అంది. చచ్చిన ఎలుకల్ని చీపురుతో తోసి, అలికి మరీ వచ్చింది. నాలుగో రోజు చలిజ్వరం. ఆరో రోజుకు గజ్జల్లో కోడిగుడ్డంత బిళ్ళ. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

పది రోజుల తర్వాత చింతామణి నుంచి రామచంద్రప్ప అనే హెల్త్ ఇన్స్పెక్టరు సూదులతో, మందుపొడి డబ్బాలతో వచ్చాడు. జనాన్ని పొలంలో నిలబెట్టి రోగం ఎలా పాకుతుందో చెప్పాడు. ఎలుక ఒంటి మీద రక్తం తాగి బతికే సన్నపాటి పురుగు ఒకటి ఉంటుంది; రెక్కలుండవు, ఎగిరి దూకుతుంది. రోగమున్న ఎలుకను కుట్టాక రోగం దాని కడుపులో చేరుతుంది. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే పురుగు దిగిపోతుంది.

"దిగిపోయి యాడికి పోతాది?" అన్నాడు ఇన్స్పెక్టరు. "యాడికీ పోదు. ఆ ఇంట్లోనే నేలమీద కాచుకోని ఉంటాది. ఎలుకలన్నీ చచ్చినాక దానికి దొరికేది మనిషే."

జనం వెనక నిలబడ్డ బయ్యప్ప అడిగాడు, "ఎన్ని దినాలు కాచుకోని ఉంటాది సార్?"

"వారాలు."

ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. నెల గడిచాక, తన వంతు చేనును అన్నకు ఒప్పజెప్పి, చింతామణికి నడిచిపోయి రామచంద్రప్ప ఆఫీసు ముందు నిలబడ్డాడు. ఎలుకల్ని పట్టడానికి ఎవరూ ముందుకు రాని రోజులు. మర్నాడే పనిలో చేర్చుకున్నారు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. సాయంత్రం ఇళ్ళల్లో బోనులు పెట్టాలి, పొద్దున తీయాలి. పడ్డ ఎలుకను మందు చుక్కలు వేసిన గాజు జాడీలో ఉంచాలి. అది కదలడం మానాక తెల్ల పింగాణీ పళ్ళెంలో పెట్టి దువ్వెనతో వెంట్రుకలు దువ్వి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టాలి. ఒక్కో ఎలుకకు రెండో మూడో అయితే సరే. ఎనిమిది, పది దాటితే ఇన్స్పెక్టరుకు కబురు పంపాలి. చచ్చిన ఎలుక కనబడితే సీసాలో పెట్టి బెంగుళూరుకు పంపాలి.

ఎవరూ చెప్పకుండానే ఆయన ఇంకా చాలా నేర్చుకున్నాడు. గట్ల మీద బొరియల్లో ఉండే తెల్లకడుపు ఎలుకలకు ఈ రోగం ఏడాది పొడుగునా ఏ మూలో ఉంటుందనీ, అవి తట్టుకుంటాయనీ, కోతలయ్యాక పొలంలో తిండి కరువై వాముల్లోకి వస్తాయనీ, అక్కడ ఇంటి ఎలుకలతో కలుస్తాయనీ. ఇంటి ఎలుకకు ఆ రోగాన్ని తట్టుకునే శక్తి లేదు. అందుకే వాములు ఇళ్ళకు దూరంగా వేసుకోమనేవాడు. గుడ్లగూబను కొట్టొద్దనీ, చేలో జెర్రిపోతును చంపొద్దనీ చెప్పేవాడు. "ఎలుకలాయన పాములకు వకాల్తా పుచ్చుకున్నాడు," అని నవ్వేవారు.

ఆ పదిహేనేళ్ళూ ఆయన ఎక్కువగా పడుకున్నది సత్రాల్లో, బడి వరండాల్లో, పాడుబడ్డ మఠాల్లో. హోటల్లో ఆయన తాగిన గ్లాసును రెండుసార్లు కడిగేవారు. పండగకు అన్న ఇంటికి పోతే వదిన ఆకు బయట అరుగు మీద వేసింది. "లోపల పిల్లలుండారు గదా," అంది నేలచూపులు చూస్తూ. ఆయన తిని, ఆకు తీసి, ఆ తర్వాత పండగలకు పోవడం మానేశాడు. మళ్ళీ పెళ్ళి చేద్దామని అన్న ఒక సంబంధం చూశాడు. "రోజూ చచ్చిన ఎలుకల్ని పట్టుకునే చేత్తో తాళి కట్టించుకోవల్లనా?" అని ఆ పిల్ల తల్లి అడిగిందట. ఈ మాట నాకు చెప్పి బయ్యప్ప నవ్వాడు. "ఆయమ్మ చెప్పిందాంట్లో తప్పు లేదు టీచరమ్మా," అన్నాడు.

1960 జనవరిలో ఆయన చింతామణికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెకు వెళ్ళాడు. నలభై గడపల ఊరు. పేరు చెప్పను, ఆ సంగతి గుర్తున్నవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. పటేలు వెంకటరాయప్ప అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"ఎలుకలేమన్నా చస్తాండాయాప్పా?"

"మా ఊర్లో ఏమీ లేదు. నువ్వు పొయ్యిరా."

బయ్యప్ప ఊరు దాటలేదు. పేడదిబ్బల వెంట నడుస్తూ పోయాడు. మూడో దిబ్బ దగ్గర చీమల బారు కనిపించింది. కర్రతో కదిపితే రెండు ఎలుకలు. వాడిన మల్బరీ ఆకుల్లో జాగ్రత్తగా చుట్టి ఉన్నాయి. ఆ చలికాలంలో బావినీళ్ళతో మల్బరీ పెంచి పట్టుపురుగులు మేపుతున్న ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటే.

అది లక్ష్మీదేవమ్మ ఇల్లు. ముప్పయ్యైదేళ్ళ మనిషి. బావి తవ్వుతుంటే ఒడ్డు విరిగి భర్త పోయి ఏడేళ్ళయింది. దిబ్బూరహళ్ళిలో అన్న ఉన్నాడు, రమ్మని పిలిచాడు. ఆమె పోలేదు. ఒంటరిగా ఆ ముక్క తోటను, పురుగుల్ని చూసుకుంటూ ఉంది. బయ్యప్పను వాకిట్లో చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"మూడు దినాలాయె. రోజుకొకటి పడతాండాది," అంది. దాచడానికి ప్రయత్నించలేదు. "లోపలికొచ్చి చూడప్పా, నేనెందుకు దాచినానో."

నడిమింట్లో కట్టెలతో కట్టిన అరల మీద వరసగా వెదురుతట్టలు. వాటి నిండా పురుగులు, చిటికెన వేలంత లావు. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోతుంది. ఆ వైపువాళ్ళు దాన్ని జ్వరం అంటారు. అట్లా నాలుగుసార్లు.

"నాలుగో జొరం నిన్ననే లేచినాయి. ఇంగ ఎనిమిది దినాలు మేపితే పండి గూడు కడతాయి. నువ్వు పొడి కొడితే ఒక్కటి గూడా మిగలదు. ఊరు విడిచి పొమ్మంటే ఇవి యాడికి పోతాయి? గుడిసెలో సలికి సచ్చిపోతాయి. ఎనిమిది దినాలు, అంతే. ఆమీద నీ ఇష్టం."

ఆమె చెప్పింది నిజమే. ఎలుకల మీది పురుగును చంపే ఆ పొడి పట్టుపురుగును కూడా చంపుతుంది. చేతికంటిన రవ్వ చాలు. కానీ ఎనిమిది రోజుల్లో ఆ ఊరికి ఏమవుతుందో బయ్యప్పకు ఆమె కన్నా బాగా తెలుసు. ఆయన చాలాసేపు తట్టల వైపే చూస్తూ నిలబడ్డాడు. పురుగులు ఆకు కొరుకుతుంటే పెంకుల మీద సన్నని తుంపర పడుతున్నట్టు శబ్దం.

"నువ్వు ఈ రోజే ఈ ఇల్లు ఇడిచిపోవల్ల తల్లీ," అన్నాడు చివరికి. "పురుగుల్ని నేను మేపుతాను."

"నువ్వా? నీకొస్తే?"

"నేను ముందే సూది వేయించుకున్నా. నువ్వు ఆకు కోసి ఊరి ముందర బండ మీద పెట్టి దూరం జరుగు. నేనొచ్చి ఎత్తుకోని పోతా."

ఆ మధ్యాహ్నమే ఆయన చింతామణికి పోయి ఇన్స్పెక్టరు రామచంద్రప్పను పిలుచుకొచ్చాడు. పటేలు మొదట ఎగిరాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అందరికీ సూదులు వేశారు. ఊరు పొలాలకు తరలింది. ఇంటింటికీ పొడి కొట్టడం మొదలైంది. లక్ష్మీదేవమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి బయ్యప్ప అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది చివర్లో నేను కొడతా సార్."

రామచంద్రప్ప లోపలి తట్టల వైపు చూశాడు, బయ్యప్ప వైపు చూశాడు. "నీకేమన్నా అయితే పైకి నేను రాయల్ల. ఏమని రాయల్ల?"

"బయ్యప్ప నా మాట వినలేదని రాయండి సార్. నిజమే గదా."

ఇన్స్పెక్టరు పొడిడబ్బా మూత బిగించుకుని వెళ్ళిపోయాడు.

అట్లా ఆ ఊళ్ళో బయ్యప్ప ఒక్కడే మిగిలాడు. నలభై ఇళ్ళ తలుపులు తాళాలేసి ఉన్నాయి. కుక్కలు కూడా మనుషుల వెంట పొలాలకు పోయాయి. మొదటిరోజు తన అడుగుల చప్పుడు తనకే కొత్తగా వినిపించిందని చెప్పాడు. రోజుకు ఐదుసార్లు మేత. ప్రతిసారీ ముందు స్నానం, ఉతికిన పంచె, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం. నేలమీది ఎలుకల పురుగు కుట్టకుండా కాళ్ళకు మాత్రం మళ్ళీ ఉతికిన పట్టీలు చుట్టుకునేవాడు. ఉదయాలు ఇల్లంతా వెతికి చచ్చిన ఎలుకను పటకారుతో పట్టి, కిరసనాయిలు పోసి వీధి చివర కాల్చేవాడు.

బండ దగ్గరికి లక్ష్మీదేవమ్మ ఆకుగంపతో వచ్చేది. గంప పెట్టి ముప్పై అడుగులు వెనక్కి జరిగేది. ఆయన వచ్చేవాడు. ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకునేవారు.

"మేస్తాండాయా?"

"మేస్తాండాయి. కింద వరస రెండో తట్టలో కొన్ని పాలిపోయినాయి, ఏరి పారేసినా."

"మంచిపని చేసినావు. నువ్వు తిన్నావా?"

ఆ ప్రశ్న తనను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు. "తిన్నాను," అన్నాడు. అది అబద్ధం. మర్నాటి నుంచి ఆకుగంప మీద ఒక చిన్న మూట కూడా వచ్చేది, సంగటి ముద్ద, అనపగింజల పులుసు. అనపకాయలు విరగకాసే రోజులవి. ఆయన బండకు ఇటువైపు కూర్చుని తినేవాడు, ఆమె అటువైపు దూరంగా కూర్చుని తోట సంగతులు చెప్పేది.

ఐదో రోజు ఆమె అడిగింది, "నీకెవరుండారప్పా?"

బయ్యప్ప చౌడమ్మ గురించి చెప్పాడు. ఏడేళ్ళలో ఎవరికీ చెప్పనిది. అంత దూరానికి వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది. చెనిక్కాయల మూట, ఊడ్చిన ఇల్లు, అన్నీ.

"తెలిసి పంపలేదు గదప్పా నువ్వు," అంది.

"తెలీకపోయినా పంపింది నేనే గదమ్మా."

ఆమె ఖాళీ గంప తీసుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు పురుగులు పండాయి. మేత మాని, ఒళ్ళు పసుపు తిరిగి, తలలెత్తి దారి వెతకడం మొదలుపెట్టాయి. పండిన పురుగును వెంటనే ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రిక మీద వేయాలి; చుట్లు చుట్లుగా అల్లిన వెదురు చాప అది. ఆలస్యమైతే పట్టంతా తట్టలోనే వృథా అయిపోతుంది. నలుగురు చేసే పని. బయ్యప్ప తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా తల ఎత్తకుండా ఏరాడు. ఆ రోజు బండ దగ్గరికి కూడా పోలేదు.

అదే రోజు మధ్యాహ్నం పిళ్ళప్ప ఊళ్ళోకి వచ్చాడు. పటేలు వెంకటరాయప్పకు పెదనాయన, డెబ్బై దాటిన మనిషి. అందరికీ సూదులు వేసిన రోజు భయపడి జొన్నచేలో దాక్కున్నాడు. గుడిసెలో చలికి ఓర్చుకోలేక, ఇంటి అటక మీద ఉన్న తన పాత కంబళి కోసం వచ్చాడు. కోడలు వద్దంటే, "ఎలుకలాయన ఆడనే తిని ఆడనే పండుకుంటాండాడు గదా. ఆయప్పకు రాని రోగం నాకొస్తాదా?" అన్నాడట. ఆ ఇంట్లో పొడి కొట్టారు, అటక మీదికి అది చేరలేదు. ముసలాయన కంబళి కప్పుకుని గుడిసెకు తిరిగి వచ్చాడు. బయ్యప్పకు ఆ రాకపోకలేవీ తెలియవు.

మూడు రోజులకు జ్వరం మొదలైంది. విషయం తెలిసి బయ్యప్ప చింతామణికి పరుగెత్తాడు. రామచంద్రప్ప ఇంజక్షన్లు తెచ్చాడు. పిళ్ళప్ప ఇంకో రెండు రోజులు బతికాడు. ఆ ఊళ్ళో ఆ ఏడు ప్లేగుతో పోయింది ఆయన ఒక్కడే. అంత్యక్రియలయ్యాక వెంకటరాయప్ప పొలం గట్టు మీద బయ్యప్పను నిలదీశాడు.

"నువ్వు ఊర్లో ఉండబట్టే మా పెదనాయన పోయినాడు. నువ్వూ మాతోనే బయటికొచ్చుంటే ఆయన ఆ పక్క తొంగి చూసుండేవాడా?"

జనమంతా వింటున్నారు. లక్ష్మీదేవమ్మ ముందుకు వచ్చి, "నా పురుగుల కోసం ఉండాడు ఆయప్ప. అనేదుంటే నన్ను అనండి," అంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. బయ్యప్ప కూడా ఏమీ అనలేదు.

"ఆ మాట అబద్ధమయ్యుంటే జవాబు చెప్పుండేవాణ్ణి టీచరమ్మా," అన్నాడు ఆయన నాతో. వసారా అవతలి చివర ఆయన ముఖం నాకు సరిగ్గా కనబడలేదు. "మనిషి ఉండే చోట భయం లేదనుకుంటారు జనం. నేనది ముందే అనుకోవల్ల. చౌడమ్మప్పుడు నాకు తెల్దు. ఈసారి అన్నీ తెలుసు. తెలిసి గూడా అది తోచలేదు."

గూళ్ళు బాగా వచ్చాయి, లేత పసుపు రంగులో గట్టిగా. వాటిని దించి బయటికి చేర్చాక ఆయన ఆ ఇంట్లో తన చేత్తోనే పొడి కొట్టాడు. నెలన్నరకు జనం ఊళ్ళోకి తిరిగి వచ్చారు. ఆఖరిసారి బోనులు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు లక్ష్మీదేవమ్మ వాకిట్లో నిలబడి, "లోపలికొచ్చి కూచోని తినిపో అన్నా," అంది. అన్ని రోజులు తిరిగిన ఇల్లు. ఇప్పుడు వీధిలో నాలుగు అరుగుల మీద నుంచి జనం చూస్తున్నారు. ఆయన వాకిట్లోనే ఆగి, "ఇంగోసారి వస్తానమ్మా," అని వచ్చేశాడు. ఆ వారంలోనే బాగేపల్లి వైపుకు మార్చమని ఇన్స్పెక్టరును అడిగాడు.

ఏడాది తర్వాత ఒక సంత వ్యాపారి కబురు తెచ్చాడు: లక్ష్మీదేవమ్మ ఒకసారి వచ్చి పొమ్మంది. బయ్యప్ప అప్పుడు కొండల వైపు పల్లెల్లో తిరుగుతున్నాడు. ఆ కబురు ఆయనకు అందేసరికి మూడు నెలలు గడిచాయి. వెళితే ఆ ఇంట్లో వేరే కాపురం ఉంది. తోట కౌలుకు ఇచ్చి ఆమె దిబ్బూరహళ్ళికి, అన్న ఇంటికి వెళ్ళిపోయిందన్నారు. అక్కడి నుంచి దిబ్బూరహళ్ళి పొద్దు కుంకేలోగా చేరగలిగే దూరమే. ఆయన చింతామణి బస్సెక్కాడు.

"ఎందుకు పోలేదప్పా?" అని అడిగాను.

"ఏమని పోవల్ల? ఆయమ్మ అన్న ఇంటిముందు నిలబడి, నేనెవరని చెప్పుకోవల్ల?"

1967లో నేను ఏడో తరగతికి రోగాల పాఠం చెబుతూ ఆయన్ని బడికి పిలిచాను. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, నల్లబల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పుస్తకంలో ఎలుక బొమ్మ, అక్కడి నుంచి మనిషి బొమ్మకు ఒక బాణం గుర్తు. ఆయన దాన్ని దగ్గరగా చూశాడు. తర్వాత ఎలుక మీది పురుగు గురించి, గట్ల మీది తెల్లకడుపు ఎలుకల గురించి, గుడ్లగూబ గురించి చెప్పాడు. ఒక్కరు కూడా కదల్లేదు. చివర్లో ఒక ఆడపిల్ల లేచి, "ప్లేగు వస్తే ఎలుకకు నొప్పి ఉంటాదా?" అని అడిగింది. పిల్లలు నవ్వారు.

"ఉంటాది పాపా," అన్నాడు ఆయన. "పట్టపగలు మనుషుల మధ్యకొచ్చి పడిపోతాది గదా. భయం గూడా మరిచిపోయేంత నొప్పి అది. మనకంటే ముందు చచ్చేది అదే."

గంట కొట్టాక పిల్లలు ఆయన్ని బడి గేటు దాకా సాగనంపారు. ఆ సాయంత్రం ఆయన మామూలు కన్నా ఎక్కువసేపు వసారాలో కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడు ఎలుకల పని ఆపేశారు. రెండేళ్ళుగా మా వైపు ఒక్క ప్లేగు కేసు కూడా రాలేదు. ఆయన్ని మలేరియా పనికి వేశారు, ఇంటింటికీ పోయి జ్వరాలు అడిగి, వేలికొన నుంచి రక్తపు చుక్క తీసే పని. బోనులు చింతామణి ఆఫీసులో అప్పగించి వచ్చిన రోజు నన్ను ఒక కార్డు రాసిపెట్టమన్నాడు. దిబ్బూరహళ్ళి లక్ష్మీదేవమ్మకు.

"ఏమని రాయాలి?"

"ఇప్పుడు ఎలుకలు చావడం లేదని రాయండి. నేను బాగేపల్లిలో ఉండానని రాయండి. అంతే."

మా వైపు చదువులన్నీ కన్నడమే; ఆ భాషలో ఆ రెండు వాక్యాలే రాసి, కింద ఆయన పేరు, మా ఇంటి చిరునామా రాశాను. ఐదు వారాలకు జవాబు వచ్చింది. ఆయన వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంటే నేను చదివి వినిపించాను. రాసింది ఆమె అన్న కొడుకు. మా అత్త పోయిన ఏడు వైశాఖంలో కాలం చేసింది. పొట్టలో ఏదో జబ్బు. మీ కార్డు చూసి ఇంట్లో అందరినీ అడిగాం, మీ పేరు ఎవరికీ తెలియలేదు. మీరెవరో, మా అత్తకు ఎలా తెలుసో దయచేసి రాయండి.

నేను కార్డు తిప్పి చూశాను. ఇంకేమీ లేదు.

"ఏమని రాద్దాం అప్పా?" అన్నాను.

ఆయన కార్డు అడిగి తీసుకున్నాడు. చదవడం రాకపోయినా రెండువైపులా చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంగ వద్దులే టీచరమ్మా," అని, కొళాయి వచ్చే వేళయిందని బిందె తీసుకుని వీధిలోకి వెళ్ళాడు.